గులకరాళ్ళ ముగ్గుల ఊరు

"అమ్మా, ఈ శనివారం నీకో ఊరు చూపిస్తాను. ఊరంతా నీ వాళ్ళే" అంది మా అమ్మాయి.

"ఫ్రాన్సులో నా వాళ్ళెవరే!" అన్నాను.

"బొమ్మలు వేసేవాళ్ళు."

నేనేం మాట్లాడలేదు. కంచంలో అన్నం కలుపుకుంటున్నాను. అది కూడా చెంచాతోనే. మూడేళ్ళుగా నా వేళ్ళు నా మాట వినడంలేదు. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అంటారు. మా అత్తగారి భాషలో కీళ్ళవాతం. పొద్దున్నే జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికే పావుగంట పడుతుంది. రాజమండ్రి దగ్గరి ఒక హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగ్ టీచరుగా పనిచేశాను. ఎంతమంది పిల్లల చేత లోయరు, హయ్యరు పరీక్షలు రాయించానో లెక్కలేదు. రిటైరయ్యాక తీరిగ్గా నాకోసం నేను బొమ్మలు వేసుకుందామనుకున్నాను. సరిగ్గా అప్పుడే వేళ్ళు బిగుసుకుపోయాయి. ఒకరోజు కోపమొచ్చి కుంచెల డబ్బా ఎదురింటి అమ్మాయికి ఇచ్చేశాను. ఆ సంగతి మా అమ్మాయికి చెప్పలేదు. వాళ్ళ నాన్నగారు చెప్పినట్టున్నారు.

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది ఫ్రాన్సు దక్షిణాన, సముద్రం ఒడ్డున, ఆంటీబ్ అనే ఊళ్ళో. పక్కనే సోఫియా ఆంటిపోలిస్ అని మన హైటెక్ సిటీ లాంటిది ఉంది. అక్కడ మన తెలుగువాళ్ళు కనబడకపోతే ఆశ్చర్యపోవాలిగానీ కనబడితే కాదు. మనవరాలు బుజ్జికి ఆరేళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో ఫ్రెంచి, అలిగినప్పుడు మాత్రం రెండూ కలిపి.

ఆంటీబ్ నుంచి రైల్లో కాన్య అనే ఊరికి, అక్కడినుంచి బస్సులో కొండెక్కాం. చూడబోయే ఊరి పేరు రాసేటప్పుడు సెయింట్ పాల్ డి వెన్స్. పలికేటప్పుడు సాఁ పోల్ ద వాన్స్. నాకు రెండోది నోరు తిరగలేదు. కాబట్టి మీకూ సెయింట్ పాల్ అనే చెబుతాను.

కోటలో కాపురాలు

బస్సు మలుపు తిరగ్గానే ఊరు కనిపించింది. కొండా, గోడా, ఇళ్ళూ అన్నీ ఒకే రాయిలోంచి చెక్కినట్టున్నాయి. ఎక్కడ కొండ ఆగిందో, ఎక్కడ ఇల్లు మొదలైందో తెలియదు. చుట్టూ ఉన్న ప్రాకారం 1540లలో ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్స్వా కట్టించాడు. మన కృష్ణదేవరాయలు పోయి పదిహేనేళ్ళయిన కాలం. అప్పట్లో నీస్ నగరం పరాయి రాజ్యంలో ఉండేది. ఇది సరిహద్దు ఊరు కావడంతో కాపలా కోటగా మార్చారు. ఊరు మాత్రం అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందునుంచీ ఉంది. మన కొండవీడు, కొండపల్లి కోటలు పాడుపడ్డ గోడలుగా మిగిలాయి. ఇక్కడేమో కోట లోపల ఇంకా కాపురాలున్నాయి, కిటికీల్లో తడి తువ్వాళ్ళు ఆరేస్తున్నారు.

కోట ద్వారం దాటి లోపలికి అడుగుపెట్టానో లేదో, ఆగిపోయాను. కాళ్ళకింద ముగ్గులు! నిజంగానండీ. సన్నటి సందు పొడుగునా గులకరాళ్ళు పొదిగి, మధ్యమధ్యలో వాటితోనే పువ్వులు, సూర్యుడి బింబాలు తీర్చారు. ఒక చోట నిలబడి రేకులు లెక్కపెట్టాను. సంక్రాంతికి మా వీధిలో వేసే పద్మం ముగ్గుకీ దీనికీ తేడా అల్లా ఇది వానొస్తే చెరిగిపోదు, అంతే. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, కాళ్ళకి అల్లుడి బలవంతం మీద వేసుకున్న స్పోర్ట్స్ షూలతో, తలవంచుకుని నేలని చూస్తూ నడుస్తున్న నన్ను ఒకరిద్దరు టూరిస్టులు ఫొటో తీశారు కూడా. వాళ్ళకి ఊరు వింత, నేనూ వింతే.

పెద్ద వీధి అంటే వెడల్పు ఓ రెండు బారలుంటుందేమో. రెండువైపులా బొమ్మల దుకాణాలే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాటిలో సగానికి సగం నాకు నచ్చలేదు. సోఫాకి నప్పేలా వేసిన బొమ్మల్లా అనిపించాయి. ధరలు చూసి మాత్రం అక్కడినుంచి పరుగే. పదిన్నర దాటేసరికి బస్సుల్లో వచ్చిన జనం నిండిపోయి, భుజాలు రాసుకుంటూ నడవాల్సి వచ్చింది. ఇక్కడ బతికేవాళ్ళు కూరగాయలు ఎక్కడ కొనుక్కుంటారో అన్న అనుమానం మీకూ వస్తుంది.

వీధి మధ్యలో పెద్ద రాతికూజా ఆకారంలో ఒక ఫౌంటెన్ ఉంది. 1850లో కట్టారు. అందరూ దానిముందు నిలబడి ఫొటోలు దిగుతారు. నేను దాని పక్కనున్న కమాను కిందికి తొంగిచూశాను. పూర్వం ఊళ్ళో ఆడవాళ్ళు బట్టలుతుక్కునే నీళ్ళతొట్టి అది. మా అమ్మ నూతి గట్టు మీద చాకిరేవు బండ గుర్తొచ్చింది. ఆ తొట్టిలో రంగుల మరకలు అంటిన చొక్కాలు ఎవరెవరు ఉతికారో!

బంగారు పావురం కథ

అసలు ఈ ఊరికి చిత్రకారులు ఎందుకొచ్చారంటే, మొదట వెలుతురు కోసం. ఇక్కడి ఎండలో ఒక తెల్లదనం ఉంది, నీడ కూడా నీలంగా పడుతుంది. పైగా అప్పట్లో చవక. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత సిన్యాక్, ద్యూఫీ, సూటిన్ లాంటివాళ్ళు ఇటు రావడం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1920లో, పోల్ రూ అనే రైతుబిడ్డ కోట ద్వారం బయట చిన్న కాఫీ హోటలు తెరిచాడు. తర్వాత పదేళ్ళకి అది పెద్దదై 'కొలోంబ్ దోర్' అయ్యింది. అంటే బంగారు పావురం. భార్య పేరు బాప్టిస్టిన్, అందరూ టిటీన్ అనేవారు.

పోల్ రూకి బొమ్మలంటే ప్రాణం, తనూ వేసేవాడు. చేతిలో డబ్బులేని చిత్రకారులు భోజనానికీ గదికీ బదులు బొమ్మ ఇచ్చి వెళ్ళేవారని ఊరంతా కథగా చెబుతారు. అన్నీ అలా వచ్చినవి కాకపోవచ్చు, స్నేహంతో ఇచ్చినవీ ఉంటాయి. ఎలా వస్తేనేం, పికాసో, మాటిస్, బ్రాక్, లెజేల బొమ్మలు ఆ హోటలు గోడలమీద, భోజనాల బల్లల పక్కనే వేలాడుతున్నాయి. ఇప్పటికీ ఆ కుటుంబమే నడుపుతోంది. నటీమణి సిమోన్ సిన్యొరే, గాయకుడు ఈవ్ మొంతాఁ 1949లో ఇక్కడే కలుసుకుని, 1951లో ఈ ఊళ్ళోనే పెళ్ళి చేసుకున్నారు. హోటలు ఎదుటి మైదానంలో మొంతాఁ ఇనుపగుళ్ళ ఆట ఆడేవాడట. మేం వెళ్ళినప్పుడూ నలుగురు ముసలాళ్ళు ఆడుతున్నారు. మన గోలీలాటే, గోలీలు మాత్రం బత్తాయిలంత.

మేం లోపల భోంచెయ్యలేదు. ముందుగా చెప్పుకోవాలి, ఆపైన ఖరీదు. అల్లుడు తెల్లవారుజామున లేచి చేసిన పులిహోర ఉండగా మాకు పావురాలెందుకు! ప్రాకారం మీద బెంచీ చూసుకుని కూర్చున్నాం. కింద ద్రాక్షతోటలు, సైప్రెస్ చెట్లు, దూరంగా సముద్రం మెరుస్తోంది.

అందరూ పోల్ రూ గురించే చెబుతారు. నేను మటుకు టిటీన్ గురించి ఆలోచిస్తున్నాను. "ఈయనకి బొమ్మలు వస్తున్నాయి సరే, కసాయివాడి బిల్లు ఎవరు కడతారు" అని ఆవిడ ఒక్కసారైనా అనుకుని ఉండదా? ఈ మాట పైకి అంటే మా అమ్మాయి నవ్వింది. నవ్వి, దిగువన సముద్రం వైపు చెయ్యి చూపించి అంది, "అమ్మా, మనం బస్సెక్కిన కాన్యలోనే రెన్వా ఇల్లుంది. ఆయనకీ నీ జబ్బే."

బెంచీ మీద గొడవ

నాకు తెలియని సంగతి కాదు. పిల్లలకి పాఠంలో చెప్పేదాన్ని. ఒగస్త్ రెన్వా కీళ్ళవాతం బాధతో వెచ్చటి చోటు వెతుక్కుంటూ వచ్చి, 1907లో కాన్యలో ఆలివ్ తోట కొని, ఇల్లు కట్టుకుని, 1919లో చనిపోయేదాకా అక్కడే బొమ్మలు వేశాడు. వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. చర్మం ఒరుసుకుపోకుండా గుడ్డ పట్టీలు చుట్టేవారు. కుంచెని చేతికి కట్టేవారని చాలామంది అనుకుంటారుగానీ, కట్టేవారు కాదు, వేళ్ళ సందున పెట్టేవారు. భార్య తరఫు బంధువు గాబ్రియేల్ అనే ఆవిడ చాలాకాలం ఆ పని చేసింది. చివరి ఏళ్ళలో చక్రాల కుర్చీలో కూర్చుని, గినో అనే యువకుడి చేతులతో శిల్పాలు కూడా చేయించాడు.

అంతా తెలిసే, ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది.

"ఇందుకా నన్ను ఇక్కడికి తీసుకొచ్చావు? నీతిపాఠం చెప్పడానికా?" అన్నాను. "రెన్వాకి కుంచె అందించడానికొకరు, రంగులు తియ్యడానికొకరు, వండిపెట్టడానికొకరు. నాకెవరున్నారే? మీ నాన్నకి కాఫీ కలపడమే రాదు."

అంత మాట ఎందుకన్నానో నాకే తెలియదు. పాపం ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అన్నది లేదు. అలాగని ఎప్పుడూ ఏమీ అందించిందీ లేదు. బుజ్జి పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసింది.

కాసేపటికి మా అమ్మాయి, "నువ్వు బొమ్మలు మానేసినప్పటినుంచి ఫోన్లో నీ గొంతు మారిపోయిందమ్మా. వంటేం చేశావు, వాళ్ళ పెళ్ళి ఎలా జరిగింది అన్నీ చెబుతావు. నీ గురించి ఒక్క ముక్క చెప్పవు. నాకు ఇంతదూరం నుంచి ఇంకేం తోస్తుంది?" అంది.

మాట్లాడకుండా డబ్బాలు సర్దుకుని లేచాం.

ఊరికి దక్షిణం కొసన, ప్రాకారం బయట శ్మశానం. మార్క్ షగాల్ సమాధి అక్కడే. పెద్ద గోపురమేం లేదు, ఒక రాతి పలక, అంతే. రష్యన్ సామ్రాజ్యంలో విటెబ్స్క్ అనే ఊళ్ళో పుట్టిన యూదుడు, యుద్ధాల్లో దేశాలు పట్టుకు తిరిగి, 1966 నుంచి ఈ ఊళ్ళో ఉండి, 1985లో 97 ఏళ్ళకి పోయాడు. ఎక్కడ ఉన్నా పుట్టిన ఊరినే వేశాడు. ఇళ్ళ కప్పులమీద ఫిడేలు వాయించేవాళ్ళు, ఆకాశంలో తేలే పెళ్ళికూతుళ్ళు, మేకలు. భార్య వావా సమాధి కూడా అదే. యూదుల సంప్రదాయం ప్రకారం పూలకి బదులు చిన్న రాళ్ళు పెడతారు. పలకనిండా జనం పెట్టిన గులకరాళ్ళే. బుజ్జి కూడా ఒకటి ఏరి తెచ్చి పెట్టింది. "ఈ తాతకి మేకలంటే ఎందుకిష్టం?" అని అడిగింది. "చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఉండేవి కదా" అన్నాను. "మరి మీ ఊళ్ళో?" "ఉండేవి" అన్నాను.

బిడ్డ పేరున ఒక కోవెల

ఊరు దాటి పైన్ చెట్ల కొండమీదికి పది పదిహేను నిమిషాలు నడిస్తే మాగ్ ఫౌండేషన్. ఎక్కుడు దారి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కొంచెం ఆలోచించుకోవాలి. సెయింట్ పాల్లో ఇంకేం చూడకపోయినా ఫరవాలేదుగానీ, ఇది చూడాల్సిందే.

ఎమే మాగ్ కాన్ నగరంలో చిన్న ప్రెస్సు నడుపుకునేవాడు. భార్య మార్గరీత్‌తో కలిసి దుకాణం పెట్టి, నెమ్మదిగా పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మలు అమ్మే స్థాయికి వచ్చాడు. 1953లో వాళ్ళ చిన్నకొడుకు బెర్నార్ బ్లడ్ కాన్సరుతో చనిపోయాడు. పదకొండేళ్ళ పిల్లాడు. ఆ దుఃఖంలో కూరుకుపోయిన దంపతులకి మిత్రులైన బ్రాక్, లెజేలే, మిమ్మల్ని మించిన పని ఏదైనా తలపెట్టండి అని ధైర్యం చెప్పారట. కొండమీది ఆ స్థలంలో పాడుపడ్డ ప్రార్థనా మందిరం ఒకటి ఉండేది. అది సెయింట్ బెర్నార్ పేరున కట్టినది. కొడుకు పేరే! దాన్ని మళ్ళీ నిలబెట్టి, చుట్టూ హోసే లూయీ సెర్ట్ అనే వాస్తుశిల్పి చేత ఈ మ్యూజియం కట్టించారు. 1964లో అప్పటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో ప్రారంభించాడు. 2024లో అరవై ఏళ్ళు నిండిన సందర్భంగా, పై రూపం చెడకుండా నేల అడుగున కొత్త గదులు కలిపారు.

ముంగిట్లో జకోమెట్టి చేసిన ఎండుపుల్లల్లాంటి మనుషులు నిలబడి ఉన్నారు. తోటలో మీరో చేసిన వింత పక్షులు. గోడమీద షగాల్ మొజాయిక్. బుజ్జికి ఇదంతా ఆటస్థలమే. నేను మాత్రం ఆ చిన్న మందిరంలోకి వెళ్ళి చాలాసేపు కూర్చుండిపోయాను. కిటికీలో బ్రాక్ చేసిన రంగుటద్దం, అందులో తెల్లటి పక్షి. ఫౌండేషన్ తెరిచేనాటికి బ్రాక్ కూడా లేడు, అంతకు ముందటేడే పోయాడు. నాకు ఆ రంగుల గురించి ఏమీ చెప్పాలనిపించడంలేదు. బయట మూడు భాషల్లో జనం మాట్లాడుకుంటున్నారు. నా మనసంతా మార్గరీత్ మీదే ఉంది. ఆ తల్లి ఇందులో కూర్చున్నప్పుడు ఆ పక్షిని చూసేదా, చూడలేకపోయేదా?

మరో ఇద్దరి గురించి చెప్పాలి. అమెరికాలోని నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1970లో ఒళ్ళు పాడై, కోలుకోవడానికి ఈ ఊరొచ్చాడు. ఇల్లుగల ముసలావిడ జాన్ ఫోర్ మొదట్లో అతన్ని అనుమానంగా చూసినా, తర్వాత ఇద్దరికీ గట్టి స్నేహం కుదిరింది. 1987లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన తోటలో చెట్టుకింద భోజనాల బల్లకి ఎవరొచ్చినా చోటుండేదట. ఆ ఇల్లు ఇప్పుడు అలా లేదు, ఆ చోట అపార్టుమెంట్లు లేచాయి. మనకి తెలిసిన కథే!

రెండోవారు మోనిక్ బుర్జ్వా. ఆవిడ కథ పక్కూరు వాన్స్‌ది. సెయింట్ పాల్‌కి నాలుగైదు కిలోమీటర్లు. నాలుగు రోజుల తర్వాత వెళ్ళాం. 1941లో మాటిస్‌కి కాన్సరు ఆపరేషన్ జరిగింది. మరుసటేడు రాత్రిపూట చూసుకోవడానికి ఒక నర్సు కావాలంటే ఇరవయ్యొక్కేళ్ళ మోనిక్ వచ్చింది. ఆ తర్వాత ఆవిడ సన్యాసినిగా మారి సిస్టర్ జాక్-మరీ అయ్యింది. వాన్స్‌లో మాటిస్ ఇంటికి దగ్గర్లోనే వాళ్ళ మఠం. సరైన ప్రార్థనా మందిరం లేదని, తను గీసిన ఒక చిత్తుబొమ్మ ఆయనకి చూపించింది. అంతే, డెబ్భై ఏడేళ్ళ మనిషి నాలుగేళ్ళపాటు దానిమీదే పడ్డాడు. నిలబడలేనప్పుడు మంచం మీదినుంచే, పొడవాటి వెదురు కర్ర చివర బొగ్గు కట్టి గోడమీది బొమ్మలు గీశాడు. 1951లో పూర్తయిన ఆ మందిరమే తన జీవితంలో గొప్ప పని అని చెప్పుకున్నాడు. తెల్లటి పలకలమీద నల్లటి గీతలు, పసుపు, ఆకుపచ్చ, నీలం అద్దాలు, మరేం లేదు. మేం వెళ్ళినప్పుడు ఎండ ఉంది. ఆ రంగులు నేలమీద పడి, మెల్లగా జరిగి నా చీర అంచు ఎక్కాయి.

ఆవిడ నర్సుగా మందులు అందించి ఊరుకోలేదు. తన గీతలు కూడా ఆయన ముందు పెట్టింది. మా రాజమండ్రిలో దామెర్ల రామారావుగారి గ్యాలరీ ఉంది. పిల్లల్ని ఏటా తీసుకెళ్ళేదాన్ని. ఆయన భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు కూడా బొమ్మలు వేసినవాళ్ళే. ఆ గోడ దగ్గరికొచ్చేసరికి పిల్లలకి ఆకలేసేది, గబగబా దాటించేసేదాన్ని. ఆ సంగతి వాన్స్‌లో కూర్చుంటే గుర్తొచ్చింది.

తిరిగొస్తూ కాన్యలో దిగి రెన్వా ఇల్లు కూడా చూశాం. మా అమ్మాయి అడగలేదు, నేనే దిగుదామన్నాను. స్టూడియోలో ఆయన చక్రాల కుర్చీ అలాగే ఉంచారు. ఎదురుగా ఈజిల్. నేను ఆ కుర్చీకంటే, దాని పక్కన గాబ్రియేల్ నిలబడే చోటు ఎక్కడై ఉంటుందా అని చూశాను. ఏ చేత్తో అందించేది? రోజుకి ఎన్నిసార్లు? జీవితమంతా అందించే వైపే నిలబడ్డాను నేను. ఆయనకి కాఫీ, అత్తగారికి మందులు, పిల్లలకి పెన్సిళ్ళు. ఇటువైపు కూర్చుని చెయ్యి చాపడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు. బెంచీ మీద నాకొచ్చిన కోపం మా అమ్మాయి మీద కాదని అప్పటికి తెలిసింది.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి ఆ వైపు వెళితే, సెయింట్ పాల్‌కి పొద్దున్నే తొమ్మిదింటికల్లా చేరండి, ముగ్గులు తొక్కుడు పడకుండా చూడొచ్చు. మెత్తటి అడుగున్న బూట్లు తప్పనిసరి. గులకరాళ్ళమీద చెప్పులు జారతాయి. మాగ్ ఫౌండేషన్‌కి టికెట్టు ఉంది. వాన్స్ మందిరం అన్నిరోజులూ తెరవరు, కనుక్కుని బయల్దేరండి. అన్నట్టు, నీస్ పాత బజారులో శనగపిండితో 'సొక్కా' అని పెద్ద పెనం మీద కాల్చి అమ్ముతారు. అచ్చం మన శనగపిండి అట్టే. మిరియాలపొడి జల్లుకుంటే పచ్చడి లేని లోటు తెలియదు.

ఆ ఆదివారం పొద్దున్న బుజ్జి వాటర్ కలర్ పెట్టె తెరిచి కూర్చుంది. నేను పక్కన కుర్చీ లాక్కున్నాను. "ఒసే, మెత్తటి పాత నూలు గుడ్డ ఏదైనా ఉందా?" అని వంటింట్లోకి కేకేశాను. మా అమ్మాయి ఏమీ అడక్కుండా వాళ్ళాయన పాత బనీను చింపి పట్టీలు తెచ్చింది. నేను చెయ్యి చాపాను. చుట్టింది. బిగువైంది, మళ్ళీ వదులు చేసి చుట్టింది. బుజ్జి కుంచెని నీళ్ళలో ముంచి నా వేళ్ళ సందున పెట్టింది.

మొదటి గీత వణికింది. రెండోది పక్కకి పోయింది. అరగంటకి నాలుగు కాళ్ళూ ఒక తోకా వచ్చాయి.

బుజ్జి తల పక్కకి వంచి చూసి, "అమ్మమ్మా, ఇది కుక్కా?" అంది.

"మేక" అన్నాను. "ఆ పచ్చరంగు ఇలా అందుకో."